పెళ్లికూతురి అమ్మమ్మ అనుకున్నారట: ముడతలు పోవాలని వచ్చిన ఒక అమ్మ కేసు

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. మిరప పండే ప్రాంతంలో, ఒక మామూలు పట్నంలో క్లినిక్ నడుపుతున్నాను. ఈ కేసులో అరుదైన జబ్బేమీ లేదు. అయినా రాస్తున్నానంటే, ఇందులో నేను వరసగా కొన్ని తప్పులు చేశాను, చివరికి పనిచేసింది కూడా నేను మందుల చీటీ మీద రాసింది ఒక్కటే కాదు. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆనవాలు పట్టేలా ఉన్న వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

మనిషి

వయసు 56. రెండెకరాల సొంత చేను, కొంత కౌలు, ఆ పనులు లేని రోజుల్లో కూలి. పదిహేనో ఏట పెళ్లయిన దగ్గర్నుంచి పనంతా ఎండలోనే. ముగ్గురు పిల్లలు, చివరి అమ్మాయి ఉద్యోగం చేస్తోంది, పెళ్లి కుదిరింది. షుగర్ లేదు, బీపీకి ఒక మాత్ర. 34వ ఏట గర్భసంచి ఆపరేషన్ అయింది. ఈ చివరి ముక్క మొదటి రోజు నేను అడగలేదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదటి రోజు

పేషెంట్ చెప్పిన మొదటి మాటని చెప్పింది చెప్పినట్టే కేస్ షీట్‌లో రాసుకోవడం నాకు అలవాటు. ఆవిడ మాట ఇది: "మొహం మీద ముడతలు పోవాలమ్మా, మాఘంలో పిల్ల పెళ్లి." అప్పటికి అక్టోబర్ మొదటి వారం. అంటే చేతిలో నాలుగు నెలలు.

ముడతలు ఉన్న మాట నిజమే. నుదుటి మీద, కళ్ళ పక్కన, బుగ్గల మీద గళ్ళు గళ్ళుగా, మెడ వెనక లోతుగా. కానీ నా కళ్ళు ముందు వాటి మీద పడలేదు. రెండు బుగ్గలూ ఎర్రగా ఉన్నాయి, సన్నటి రక్తనాళాలు దారాల్లా పైకి కనిపిస్తున్నాయి, దవడ వెంట నూగు వెంట్రుకలు, గడ్డం మీద చిన్న చిన్న పొక్కులు, చర్మం ఉల్లిపొరలా పలచబడి ఉంది. మంటగా ఉంటుందా అని అడిగితే, "పొయ్యి దగ్గరికెళ్తే మండుతది, అది ఎండకేలెండి" అన్నారు.

ఏం రాస్తున్నారమ్మా అంటే చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ట్యూబు తీశారు. టూత్‌పేస్టు అయిపోవచ్చినప్పుడు చుట్టినట్టు కిందనుంచి పైదాకా పొదుపుగా చుట్టి ఉంది. బ్యూటీ పార్లర్‌లో ఒకమ్మాయి పేరు రాసిచ్చిందట, మందుల షాపులో అడగ్గానే ఇచ్చారట, ఇది ఆరోదట. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ మూడూ కలిసిన క్రీము. చివరిది స్టెరాయిడ్. రాసిన కొత్తలో మొహం తెల్లగా, నున్నగా అవుతుంది, అందుకే అందరూ దాని వలలో పడతారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మానేస్తే మంట, వాపు, మళ్ళీ రాస్తే హాయి. స్టెరాయిడ్ క్రీములతో ఇలా దెబ్బతిన్న మొహానికి మన దేశపు చర్మవైద్యులే ప్రత్యేకంగా ఒక పేరు పెట్టుకోవాల్సి వచ్చింది, అంతగా వస్తున్నాయి కేసులు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా లేదా అన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అసలు వింత, ముడతల కోసం రాసిన క్రీమే ముడతల్ని ఎక్కువ చేసి చూపిస్తోంది. చర్మం పలచబడితే గీతలు ఇంకా బయటపడవా మరి.

ముడతలు ఎప్పట్నుంచి అని అడిగాను. "చైత్రం నుంచి" అన్నారు.

ఇక్కడ నేను ఆగి ఉండాలి. ముడతలు చైత్రంలో రావు. పదేళ్లయింది, ఏమో గమనించలేదు, పెద్దోడి పెళ్లప్పుడు లేవు, ఇలా చెప్తారు ఎవరైనా. ఒక నెల పేరు చెప్పారంటే ఆ నెలలో ఏదో జరిగిందని అర్థం. నేను షీట్‌లో "6 నెలలు" అని రాసుకుని ముందుకెళ్లిపోయాను. బయట ఇంకా నలభై మంది ఉన్నారు.

మొదటి తప్పు: ఒక్కసారే మాన్పించడం

ముడతల సంగతి తర్వాత, ముందు స్టెరాయిడ్ వదిలించాలి అనుకున్నాను, ఆ నిర్ణయం ఇప్పటికీ సరైందే అంటాను. ఎలా వదిలించాలన్నదే ప్రశ్న. రెండు దారులున్నాయి. ఒక్కసారే ఆపేస్తే రెండు మూడు వారాలు మొహం ఘోరంగా తయారవుతుంది, తర్వాత త్వరగా తేరుకుంటుంది. మెల్లగా తగ్గిస్తే బాధ తక్కువ, ఎక్కువ రోజులు పడుతుంది. పెళ్లికి నాలుగు నెలలే ఉందని లెక్కేసుకుని మొదటి దారి పట్టాను. మామూలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, పొక్కులకి డాక్సీసైక్లిన్ ఇచ్చి, "కొన్నాళ్లు ఎర్రబడుతుంది, ఓర్చుకోండి" అన్నాను. ఎంత ఎర్రబడుతుందో, అద్దంలో ఏం కనిపిస్తుందో చెప్పలేదు. భయపడతారని.

ఆరో రోజుకి మొహం ఉబ్బిపోయింది. ఆ రోజే ఇంటికి వియ్యంకుల తరఫు వాళ్ళు పెళ్లిబట్టల సంగతి మాట్లాడటానికి వస్తున్నారు. ఆవిడ ఏం చేస్తారు? అదే షాపుకెళ్లి, ఇంకో కంపెనీ పేరుతో ఉన్న అదే మందు తెచ్చుకుని రాసుకున్నారు. సాయంత్రానికి మంట తగ్గిపోయింది. నా మీద నమ్మకం పోయిందని చెప్పక్కర్లేదు.

మళ్ళీ మూడు వారాలకి వచ్చారు. నేను కసిరాను. చెప్పినా వినరు, మళ్ళీ మా దగ్గరికే వస్తారు అన్నట్టు ఏదో అన్నాను. ఆవిడ తల వంచుకుని విన్నారు. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఇలాంటి రాతల్లో ఇది దాచేస్తే మిగతాదంతా కథ చెప్పినట్టే అవుతుంది.

రెండో తప్పు: మంచి మాటలు

కసిరినందుకు నాకే బాధేసి, కాసేపాగి ఓదార్చబోయాను. వయసు వస్తే ముడతలు రావా అమ్మా, అవి మీరు పడ్డ కష్టానికి గుర్తులు, నిండుగా బతికిన మనిషి మొహం అలాగే ఉంటుంది, దాన్ని చూసి గర్వపడాలి... ఇలా. నిజంగా నమ్మే చెప్పాను.

ఆవిడ తలెత్తి నా మొహం వైపు చూసి, "మీకేం డాక్టరమ్మగారూ, మీ మొహం ఎండ చూసిందా?" అన్నారు.

ఏం చెప్తాను? ఏసీ గదిలో కూర్చుని, పొద్దున్నే సన్‌స్క్రీన్ రాసుకుని వచ్చిన మనిషిని నేను. నా ముడతల్ని నేను దాచుకుంటూ, ఆవిడ ముడతల్ని ఆవిడ ప్రేమించుకోవాలని చెప్తున్నాను. ఆ మాట తగిలాక నేను కొంచెం తగ్గి, "చైత్రంలో ఏమైందమ్మా?" అని అడిగాను. మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న.

పెళ్లిచూపులయ్యాయి చైత్రంలో. వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ, మంచి మనసుతోనే, మంచినీళ్లు ఇస్తున్న ఈవిడని చూసి "అమ్మమ్మగారా?" అని అడిగారట. ఎవరో సర్దిచెప్పారు, అందరూ నవ్వేశారు, ఈవిడా నవ్వారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భర్త ఈవిడకంటే ఆరేళ్లు పెద్ద, జుట్టుకి రంగేస్తారు, ఆయన్ని చూసి తాతగారా అని ఎవరూ అడగలేదు. ఇది నేనంటున్న మాట, ఆవిడ అనలేదు.

ఇక్కడ ఒక విషయం తేల్చుకోవాలి. కొందరికి లేని లోపం ఉన్నట్టు అనిపించి రోజుకి గంటలకొద్దీ అద్దం ముందే గడిచిపోతుంది, వాళ్లకి చర్మవైద్యం ఎంత చేసినా తృప్తి ఉండదు, ముందు మానసిక వైద్యులు చూడాలి. ఈవిడ "అద్దం చూడ్డమే మానేశా" అన్నారు, అది కూడా ఒక్కోసారి అదే జబ్బుకి గుర్తు. అందుకని నిద్ర, ఆకలి, పనికి వెళ్లడం, నలుగురిలో కలవడం గురించి తీరిగ్గా అడిగాను. నిద్ర పట్టనిది ఆ మొదటి వారం ఒక్కటే, తిండి బాగానే ఉంది, చేలో మనుషులతో జోకులు మామూలే. ఒక్క మాట గుచ్చుకుంది, అంతవరకే. మానసిక వైద్యుల దగ్గరికి పంపాల్సిన అవసరం కనిపించలేదు.

ఇంజెక్షన్ సంగతి

"ముడతలకి ఇంజెక్షన్ ఉంటదంట కదా?" అని ఆవిడే అడిగారు. వద్దు అనేసి నీతులు చెప్పడం తేలిక. కానీ డబ్బున్నావిడ అడిగితే ధర చెప్పి, చేలో పనిచేసే ఆవిడ అడిగితే "మీ అందం మీదే" అని పంపేస్తే అది నీతి కాదు, పక్షపాతం. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. బొటాక్స్ కండరాన్ని కొన్నాళ్లు సడలిస్తుంది. కనుబొమల మధ్య, నుదుటి మీద, కళ్ళ పక్కన, అంటే మొహం కదిలినప్పుడు పడే గీతలకి పనిచేస్తుంది. మూడు నాలుగు నెలలుంటుంది, తర్వాత మళ్ళీ వేయించుకోవాలి, ఖర్చు వేలల్లోనే. ఎండకి చర్మం లోపలి తీగలు దెబ్బతిని బుగ్గల మీద, మెడ మీద పడ్డ గళ్ళకి అది పెద్దగా పనిచేయదు. పైగా ఇప్పుడు మీ మొహం పుండులా ఉంది, దీని మీద ఏ పనీ మొదలుపెట్టను. ఇది తగ్గాక కూడా కావాలంటే అప్పుడు మాట్లాడదాం అన్నాను.

ఆవిడ తలూపారు. కోపం తెచ్చుకోలేదు. లెక్క చెప్తే అర్థం చేసుకునే మనిషి, నేనే ముందు చెప్పలేదు.

చెయ్యి

ఈసారి మెల్లగా తగ్గించే దారి పట్టాం. తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్‌కి మార్చి రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు, తర్వాత సున్నా. దాంతోపాటే రాత్రి పూట స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లేపనం. (చదివి ఎవరూ సొంతంగా కొనుక్కోకండి, ఈ కేసంతా అలా కొనుక్కోబట్టే వచ్చింది.) మంట మళ్ళీ ఎప్పుడెప్పుడు వస్తుందో ముందే చెప్పాను, వస్తే షాపుకి కాకుండా నాకు ఫోన్ చెయ్యమని నంబర్ ఇచ్చాను. రెండుసార్లు చేశారు. రెండుసార్లూ చల్లటి తడిగుడ్డ వేసుకోమని చెప్పి, భయం లేదన్నాను. మందుకన్నా ఆ ఫోనే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం.

నవంబర్ చివర్లో వచ్చినప్పుడు ఎరుపు సగం తగ్గింది. ఆ రోజు కొంచెం ఖాళీ దొరికింది. జాకెట్టు చెయ్యి పైకి మడవమని, భుజం కింద లోపలి వైపు చర్మం చూపించాను. ఎండ ఎరగని చోటు. చిటికెతో పట్టి వదిలితే టక్కున సర్దుకుంది. ఒక్క గీత లేదు.

"ఈ చెయ్యి వయసెంతమ్మా?"

"నా వయసే కదా."

"మరి మొహం వయసు?"

ఆవిడ చేతిని ఒకసారి, గోడ మీది అద్దంలో మొహాన్ని ఒకసారి చూసుకున్నారు. 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన ఫోటో ఫోన్‌లో చూపించాను. 28 ఏళ్లు లారీ నడిపిన 69 ఏళ్ల మనిషి, కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతోంది, కుడి చెంప అతనికంటే చిన్నవాడిదిలా ఉంది. కిటికీ అద్దంలోంచి కూడా వచ్చే అతినీలలోహిత కిరణాల పని అది. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు కాబట్టి మన డ్రైవర్లకి కుడి చెంప అన్నమాట.

"అంటే ఇది వయసు కాదు, ఎండ" అన్నారావిడ. అక్కడితో ఊరట కలుగుతుందనుకున్నాను నేను. కలగలేదు. "అయితే చేలోకి పోకుండా ఇంట్లో కూర్చునుంటే బాగుండేదన్నమాట" అన్నారు. నాకు గుండె జారింది. వయసు మీది నింద తీసి ఆవిడ మీదే వేశాను కదా. సన్‌స్క్రీన్ రాసుకోండి, ఎండలో తిరక్కండి అని మేం రోజూ చెప్పే మాటకి అర్థం కూలికెళ్లే మనిషికి ఇలాగే తోస్తుందేమో, నేనెప్పుడూ ఆలోచించలేదు.

నేను ఏదో అనబోయేలోగా జవాబు ఆవిడే చెప్పుకున్నారు. "కూర్చుంటే పిల్లల్నెవరు చదివిచ్చేవాళ్లు?"

ఇక అక్కణ్నుంచి నేను మాట్లాడలేదు. ఆవిడే అద్దం దగ్గరికి జరిగి మొహం మీద వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారు. కళ్ళ పక్కనివి మిరప కోతలవి, ఎదురెండలో కళ్ళు చికిలించి చికిలించి. మెడ వెనకవి కలుపువి, వంగితే మెడే కదా ఎండకి దొరికేది. ఇప్పుడైతే అందరూ మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని తలకి గుడ్డ కట్టుకుంటున్నారు, తమ రోజుల్లో అవేవీ లేవన్నారు. నోటి పక్కన గీత పళ్ళు పీకించుకున్నాక వచ్చింది. కనుబొమల మధ్య నిలువుగా రెండు లోతైన గీతలున్నాయి, వాటి మీద వేలు కాసేపు ఆగింది.

"ఇయ్యి మా ఆయన చేసిన అప్పులు."

ఇద్దరం నవ్వాం. ఒక్కటి తీసెయ్యమంటే ఏది తీసెయ్యమంటారు అన్నాను. అప్పులవే అన్నారు. అబద్ధమాడలేక నిజం చెప్పాను: ఇంజెక్షన్ బాగా పనిచేసేది సరిగ్గా ఆ రెండు గీతల మీదే. ఖర్చు ఇంతవుతుంది, నాలుగు నెలల తర్వాత మళ్ళీ ఇంత.

ఆవిడ ఆలోచించి, "అప్పు తీరిపోయాక, మళ్ళీ అప్పు చేసి అప్పు గీత తీయించుకోవాలా?" అన్నారు. ఇంజెక్షన్ మాట మళ్ళీ రాలేదు.

అడగని ఆపరేషన్

ఆ నవ్వుల మధ్యే ఆవిడ "కడుపు ఆపరేషనైన దగ్గర్నుంచే ముసలిదాన్నయిపోయాలే" అన్నారు. అప్పుడు బయటపడింది 34వ ఏట గర్భసంచి తీసేసిన సంగతి. అండాశయాలు ఉంచారా, తీసేశారా? ఆవిడకి తెలియదు, కాగితాలు లేవు. ఆ మరుసటి ఏడు నుంచే ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు అన్నారంటే, అవి బహిష్టులు ఆగే వయసులో వచ్చే లక్షణాలు కాబట్టి, తీసేసే ఉంటారని నా అంచనా. బహిష్టులు ఆగిన తొలి అయిదేళ్లలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ 30 శాతం దాకా పోతుందని మా పుస్తకాలు చెప్తాయి. యాభై దగ్గరపడ్డాక పోవాల్సింది ఈవిడకి ముప్పైల్లోనే పోయింది, దాని మీద ఎండ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన ఆడవాళ్ల మొహాలు తొందరగా వాడిపోతాయి అని తేలిగ్గా అనేస్తుంటాం. ఎందుకో ఈ అంకెల్లోనే కొంత ఉంది.

అదే కారణానికి ఎముకలు కూడా గుల్లబారతాయి. పరీక్షకి పంపిస్తే సాంద్రత తక్కువే వచ్చింది. కాల్షియం, విటమిన్ డి మొదలుపెట్టి ఎముకల డాక్టర్ దగ్గరికి పంపాను. ముడతల కోసం వచ్చిన మనిషికి నేను చేసిన అసలు మేలు ఏదైనా ఉంటే బహుశా ఇదే, అది కూడా ఆవిడ నోరు జారబట్టి.

పెళ్లి

డిసెంబర్‌లో కూతురు తోడొచ్చింది. ఆవిడ అనుమతితోనే లోపల కూర్చోబెట్టాను, ఎందుకంటే ఇంట్లో ఇంకేం జరుగుతోందో నాకు తెలియాలి. ఆ అమ్మాయి చెప్పింది: పెళ్లిచూపులప్పటినుంచి అమ్మ ఒక్క ఫోటోలోనూ లేదు, తాంబూలాల రోజు కూడా తలుపు చాటునే ఉంది. ఇంకో మాట కూడా అంది. చిన్నప్పుడు తప్పు చేసి ఇంటికొస్తే, అమ్మ తిడుతున్నా కళ్ళ పక్కన గీతలు పడ్డాయో లేదో చూసేదట, పడితే నిజం కోపం కాదని. మనసులోంచి వచ్చే నవ్వుకి కంటి చుట్టూ ఉన్న కండరం కదులుతుందని, ఊరికే పెదాలు సాగదీసిన నవ్వుకి కదలదని 19వ శతాబ్దంలో డుషెన్ అనే ఫ్రెంచ్ డాక్టర్ రాశాడు. ఈ పిల్ల అది ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టింది. తల్లి "ఓసి దొంగదానా" అంటూ ఉంటే ఆ గీతలు పడ్డాయి, నేను చూశాను.

ఆ రోజు షీట్‌లో లక్ష్యం మార్చి రాశాను. "ముడతలు తగ్గాలి" కొట్టేసి, "హోమం దగ్గర మొహం మండకూడదు, ఫోటో దిగాలి" అని. నవ్వులాటకి కాదు. పలచబడ్డ చర్మానికి వేడి తగిలితే మంట లేస్తుంది, కన్యాదానం చేసే తల్లి మంటపంలో గంటలకొద్దీ కూర్చోవాలి. కుర్చీ పొగ వచ్చే వైపు కాకుండా వేయించడం, ఫోటోలవాళ్ల లైటు మొహానికి దగ్గరగా పెట్టనివ్వకపోవడం, నలుగు పెట్టేటప్పుడు మొహానికి సున్నిపిండి రుద్దకుండా చేతులకి, కాళ్లకి మాత్రమే పెట్టడం, పార్లర్‌లో ఫేషియల్, బ్లీచ్ వద్దు. జింక్ ఉన్న సన్‌స్క్రీన్ పెళ్లి వారానికి మాత్రమే. సరైన కొలత ప్రకారం రోజూ రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల కూడా రాదు, అది ఆవిడ చేత జీవితాంతం కొనిపించలేను. చేలోకి చొక్కా, తలగుడ్డ, మెడ కప్పేలా తువ్వాలు. అదే రాసిచ్చాను.

జనవరి మొదటి వారానికి స్టెరాయిడ్ పూర్తిగా ఆగింది. సన్న రక్తనాళాలు కొన్ని అలాగే ఉండిపోయాయి, వాటంతటవి పోవు, పోతాయని నేను చెప్పనూ లేదు. పెళ్లిలో ఒకసారి మొహం మండిందట, లేచి వెళ్లి చన్నీళ్లతో కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

నేను మార్చుకున్నవి

ఎప్పట్నుంచి అంటే ఎవరైనా నెల పేరు చెప్తే ఇప్పుడు పెన్ను పక్కన పెడుతున్నాను. నలభై దాటిన ఆడవాళ్లు ఏ చర్మం బాధతో వచ్చినా గర్భసంచి ఆపరేషన్ అయిందా అని అడుగుతున్నాను. స్టెరాయిడ్ మాన్పించేటప్పుడు వచ్చే మంటని తగ్గించి చెప్పడం మానేశాను, కుదిరితే పాత కేసుల ఫోటోలు, మొహం తెలియకుండా, చూపిస్తున్నాను. ముడతలు గర్వకారణం అనే ఉపన్యాసం మాత్రం మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. ఆ మాట ఆవిడ నోటి నుంచి కూడా ఎప్పుడూ రాలేదు, వచ్చిందల్లా ఏ గీత దేనిదో లెక్క. నేను చేసిందల్లా అద్దం ముందు పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవడం, దానికి ఓపీలో సమయం దొరకడమే కష్టం.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. వీడియో కాల్‌లో ఇప్పటికీ ఫోన్ పైకప్పు వైపు తిప్పి పెడతారని కూతురు చెప్పింది.

వైశాఖంలో చివరిసారి వచ్చారు. చర్మం నిలదొక్కుకుంది కాబట్టి, కావాలంటే ఆ పాత క్రీములోని మూడింటిలో ట్రెటినాయిన్ ఒక్కటే, తక్కువ మోతాదులో, వారానికి రెండు రాత్రులు మొదలుపెట్టొచ్చు, సన్న గీతలు కొంత తగ్గుతాయి, నెలలు పడుతుంది అన్నాను. "రాయకపోతే ఏమన్నా అయిద్దా?" అన్నారు. ఏమీ కాదన్నాను. ఆలోచిస్తానన్నారు.

వెళ్తూ వెళ్తూ పెళ్లి ఆల్బమ్ సంగతి చెప్పారు. డిజైన్ చేసినవాళ్లు ఈవిడ మొహం మీద గీతలన్నీ తుడిచేసి, గోడకి సున్నం కొట్టినట్టు నున్నగా చేసి ఇచ్చారట. కన్యాదానం ఫోటో చూసి, "మీ నాన్న పక్కన ఈ కొత్తావిడెవరే?" అని కూతుర్ని అడిగారట. ఆల్బమ్ వెనక్కి పంపారు. అసలు మొహం మళ్ళీ వెయ్యడానికి పేజీకి ఇంతని విడిగా డబ్బులడిగారని ఆవిడకి ఒళ్లు మండిపోతోంది.